ఐదు నిమిషాల మనిషి

లిఫ్టు రెండో అంతస్తు దాటీ దాటకుండా ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయినప్పుడు అతనికి భయం వేయలేదు. ముందు నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్లుగా ఇలా మధ్యలో ఇరుక్కున్నవాళ్లని బయటికి తియ్యడమే పనిగా బతికినవాడు, దేశం కాని దేశంలో, రెండు రోజుల షికారుకొచ్చి, ఎవరిదో హోటల్లో, ఎవరిదో లిఫ్టులో ఇరుక్కోవడమేమిటి, లిఫ్టు మెకానిక్కుల డిపోలో వింటే పొట్ట పట్టుకుని నవ్వరూ అనుకున్నాడు. తర్వాత చేతి గడియారం చూసుకున్నాడు. రెండుకి పన్నెండు నిమిషాలు తక్కువ. నవ్వు అక్కడే ఆగింది. ఓడ మూడింటికి. రేవు దగ్గర గేటు పావుగంట ముందే మూసేస్తారు. ఇక్కణ్ణుంచి రేవుకి పది నిమిషాల నడక. అంటే రెండూ ముప్పై అయిదుకి ఈ హోటలు గుమ్మం దాటకపోతే ఓడ లేదు, తర్వాతి ఓడ మంగళవారం. కింద రిసెప్షన్ బల్ల పక్కన రెండు బ్యాగులతో భార్య నిలబడి ఉంది. మాత్రలు గదిలోనే మర్చిపోయానని ఆవిడంటే, నువ్వుండు, నేను తెస్తా, ఐదు నిమిషాలు, అని చెప్పి మూడో అంతస్తుకి వచ్చాడు. మాత్రలు దొరికాయి, జేబులోనే ఉన్నాయి, తలనొప్పి మాత్రల అట్ట, అందులో మిగిలినవి నాలుగు. ఆ ఓడలో ఆవిడ పక్క సీట్లో తను లేకపోతే ఆవిడ ఇక తన ఇంటికి రాదు. అది బెదిరింపు కాదు. ఆవిడ బెదిరించే మనిషి కాదు, బెదిరించే మనిషే అయితే అతను ఎప్పుడో బాగుపడేవాడు.

మీట మళ్లీ నొక్కాడు. ఏమీ లేదు. పక్క మీట నొక్కాడు. ఏమీ లేదు. మడతల గేటుని కాస్త తెరిచి గట్టిగా మూశాడు, మళ్లీ నొక్కాడు, లిఫ్టు చెవిటిదానిలా ఊరుకుంది. గంట బొమ్మ ఉన్న ఎర్ర మీటని బొటనవేలితో అదిమి పట్టుకుంటే చిల్లుల పెట్టెలోంచి గరగరమని శబ్దం, తర్వాత ఒక ఆడగొంతు. ఆ భాషలో అతనికొచ్చినవి మూడే మాటలు, ఒకటి నమస్కారం, రెండోది నీళ్లు, మూడోది బాగుంది. అయినా ఆ గొంతు చెప్పిందంతా పొల్లుపోకుండా అర్థమైంది. ముందు ఎక్కడున్నావని అడిగింది. తర్వాత కంగారు పడకంది. ఆ తర్వాత చిన్నగా ఆగి, నిద్రపోనని మారాం చేసే పిల్లకి చెప్పినట్టు గొంతు మెత్తబరిచి, ఒకే మాట రెండుసార్లు చెప్పింది. ఐదు నిమిషాలు. ఐదు నిమిషాలు. ఆ ఆగడం, ఆ మెత్తదనం, ఆ రెండుసార్లు చెప్పడం, అన్నీ తనవే. ఏ భాషలో చెప్పినా ఆ అబద్ధానికి రాగం ఒకటే కాబోలు. అతనికి పని నేర్పినాయన, డిపోలో అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, మొదటి వారమే నేర్పిన పాఠం అది. "ఒరేయ్, లోపలున్నవాడికి ఎప్పుడూ ఐదు నిమిషాలనే చెప్పు. పదంటే భయపడతాడు. గంటంటే తలుపులు బాదుతాడు. తెలీదన్నావో, అక్కడికక్కడే గుండాగి పోతాడు. ఐదంటే ఎవడైనా ఓర్చుకుంటాడు." మరి ఐదయ్యాక ఏం చెప్పాలి అని ఇతను అమాయకంగా అడిగితే, పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి, "మళ్లీ ఐదు చెప్పు, మన సొమ్మేం పోయింది" అన్నాడు.

ఇవాళ ఆదివారం. ఇలాంటి ఊళ్లో ఆదివారం డ్యూటీలో ఉండేది ఒక్క మెకానిక్కు. ఆ ఒక్కడు ఇప్పుడు భోజనం దగ్గర ఉంటాడు, లేదా ఊరికి అవతలి కొసన ఇంకో లిఫ్టు మీద ఉంటాడు. ఫోను వెళ్లాలి, అతను చెయ్యి కడుక్కోవాలి, బండి తియ్యాలి, దారి వెతుక్కోవాలి. గంటన్నర. తను అయితే గంటన్నర. పైకి ఐదు నిమిషాలు. ఇంకెవరైనా అయితే ఆ గొంతుని నమ్మి గోడకి ఆనుకుని నిలబడేవాళ్లు, అదృష్టవంతులు. నమ్మడానికి లేని మనిషిని తెచ్చి ఇందులో పెట్టాడు దేవుడు. పోనీ కేకలు వేద్దామని వేశాడు, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, ముందు తన భాషలో, తర్వాత ఆ మూడు మాటల్లో మొదటిది. నమస్కారం, నమస్కారం, అని లిఫ్టు గొయ్యిలో తన గొంతే పైకీ కిందికీ తిరిగింది. రాతి గోడలు, పాతకాలపు కట్టడం, గొంతు ఎక్కడికీ పోదు. పైగా బల్ల దగ్గరమ్మాయి రెండింటిదాకా భోజనానికి పోతుంది, నిన్న చూశాడు. ఇక భార్య. భార్య వెతుక్కుంటూ వస్తుందిగా అనుకున్నాడు. రాదు. అతని ఐదు నిమిషాలంటే నలభై అని ఆవిడకి తెలుసు. నలభై అయ్యేదాకా ఆవిడ బ్యాగుల పక్కనుంచి కదలదు, వాచీ కూడా చూసుకోదు, ముప్పై రెండేళ్ల అలవాటు.

ఎందుకు ఆగిందో మాత్రం అతనికి బాగా తెలుసు. అదే కదా అసలు బాధ. గేటు పూర్తిగా మూసుకుందని లిఫ్టుకి చెప్పే చిన్న స్విచ్చు ఒకటి గేటు పైన, కప్పు అవతలి వైపు ఉంటుంది. అది వదులై వెనక్కి జరిగింది, అందుకే నిన్న ఆగింది. నిన్న మధ్యాహ్నం కప్పు మీదికెక్కి, దాని వెనక గట్టి అట్టముక్కని నాలుగు మడతలు పెట్టి దోపి, ముందుకు జరిపి నిలబెట్టింది సాక్షాత్తూ ఈ మహానుభావుడే. ఇందాక పైకి వెళ్తున్నప్పుడు చెవి గోడకి ఆనించి విన్నాడు, బాగానే ఉంది, చిన్న టిక్కుమనే శబ్దం తప్ప. దిగేటప్పుడు ఆ టిక్కు రెండుసార్లయింది. మూడోది రాకముందే ఆగింది. అట్టముక్క జారి ఉంటుంది. గేటు పైనున్న సందులోంచి మూడు వేళ్లు పెట్టి తడిమాడు, వైరు తగిలింది, స్విచ్చు తగల్లేదు. రెండంగుళాలు. దువ్వెన పెట్టి తోశాడు, దువ్వెన పళ్లు రెండు విరిగాయి. పెన్ను పెట్టాడు, అది చేతిలోంచి జారి గొయ్యిలోకి పడి, చాలాసేపటికి ఎక్కడో అడుగున చప్పుడైంది. అడుగున అంటే కిందంతా ఖాళీయే కదా అని అప్పుడు గుర్తొచ్చింది, కాళ్ల కింద చెక్క కాస్త పలచబడ్డట్టనిపించింది. జేబులోంచి మాత్రల అట్ట తీసి, రెండు మడతలు పెట్టి, ఒక కన్ను మూసి మందం చూసుకున్నాడు. సరిగ్గా సరిపోతుంది. చూసుకున్నాక గాని తను చూసుకుంటున్నదేమిటో అతనికి అర్థం కాలేదు. ఆవిడకి తల పగిలిపోతోందని తెచ్చిన మాత్రలు. నిన్న దోపింది కూడా ఆవిడదే. చెయ్యి దానంతటదే పోయింది, చెయ్యికి వేరే ఆలోచన తెలీదు. అట్టని మెల్లగా సాపు చేసి జేబులో పెట్టుకున్నాడు, ఎలాగూ రెండంగుళాలు అందదు.

రెండూ ఆరు.

ఆ ఐదు నిమిషాలని డిపోలోనే వదిలేసి ఇంటికి రావాల్సింది. చేతులకంటిన గ్రీజు కిరసనాయిలు పెట్టి కడుక్కుని వచ్చేవాడు, నోటికంటింది కడుక్కోలేదు. పెళ్లి రోజునే మొదలైంది. రిసెప్షన్ హాల్లో పెళ్లికూతురి బాబాయి లిఫ్టులో ఇరుక్కున్నాడని ఎవరో అరిస్తే, స్టేజీ మీదనుంచి దిగుతూ కొత్త పెళ్లాం చెవిలో మొదటిసారి చెప్పిన మాట అదే. వచ్చేసరికి ఫొటోగ్రాఫరు సామాను సర్దుకున్నాడు. ఆల్బంలో సగం ఫొటోల్లో ఆవిడొక్కతే నిలబడి ఉంటుంది, పక్కన ఖాళీ కుర్చీ. చూసినవాళ్లు నవ్వితే ఆవిడా నవ్వేది, మా ఆయన ఫొటో బయట ఉన్నాడండీ, అని. కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి లిఫ్టే ఆగింది, నొప్పులు పడుతున్న మనిషిని స్ట్రెచర్ మీద వదిలి డాబా మీదున్న మెషీన్ గదికి పరిగెత్తాడు, దాన్ని కదిలించి దిగేసరికి నర్సు పిల్లని చేతిలో పెట్టింది. ఆ పిల్ల బళ్లో గడియారం చూడ్డం నేర్చుకుంటుంటే టీచరు, ఐదు నిమిషాలంటే ఎంతసేపమ్మా అని అడిగిందట. నాన్న వచ్చేదాకా, అందట. ఇంటిల్లిపాదీ దాన్ని చెప్పుకుని చెప్పుకుని నవ్వారు. అప్పట్నుంచి వదినగారి నోట అతని పేరు ఐదు నిమిషాల మనిషి. వదినగారంటే భార్యకి అక్క, ముక్కుసూటి మనిషి, ఇప్పుడు చెల్లెలి కోసం ముందు గది ఖాళీ చేయించి కొత్త పరుపు వేయించింది కూడా ఆవిడే. అందరూ నవ్విన మాటలే ఇవన్నీ. నవ్వనిది ఒకటుంది. అత్తగారికి బాగోలేదని కబురొచ్చిన రోజు, కింద టాక్సీలో భార్య కూర్చుని ఉంటే, పక్క మేడలో ఒక ముసలాయన లిఫ్టులో ఉన్నాడని ఫోనొచ్చింది. పక్క మేడే కదా. ఐదు నిమిషాలు అన్నాడు. టాక్సీలో ఆవిడ నలభై నిమిషాలు కూర్చుంది. వెళ్లేసరికి అత్తగారి మొహం మీద దుప్పటి కప్పి ఉంది. పావుగంట అయ్యిందన్నారు. ఆవిడ అతన్ని ఒక్క మాట అనలేదు. ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. ఆ రోజు తిట్టి ఉంటే, చెంప పగలగొట్టి ఉంటే, ఎంత బాగుండేది.

ఆ ముసలాయన బయటికొచ్చి ఇతని రెండు చేతులూ పట్టుకుని, నాయనా, నీకు పుణ్యముంటుంది, అన్నాడు. పుణ్యం. అందులోనే ఉంది తన రోగమంతా, ఇప్పుడు తెలుస్తోంది. తలుపు తెరుచుకోగానే లోపలివాళ్లు చూసే ఆ చూపు, ఏడుపూ నవ్వూ కలిసిన మొహం, ఆ మొహానికి అలవాటు పడిపోయాడు. కొందరికి మందు, కొందరికి పేకాట, ఇతనికి ఇది. ఇంట్లో ఎవరూ అలా చూడరు, ఇంట్లో ఎవరూ ఇరుక్కోలేదు కదా అనుకున్నాడు. ఇరుక్కున్నది ఎవరో, ఎన్నేళ్లుగానో, మీట నొక్కి నొక్కి ఊరుకున్నది ఎవరో, ఇంత పనిమంతుడికి చెవిన పడలేదు. కూతురు చెప్పింది. బ్యాంకు నుంచి నేరుగా డిపోకి వచ్చి, గేటు దగ్గర నిలబడే చెప్పింది. "నాన్నా, అమ్మ వెళ్లిపోతోంది. కోపంగా కాదు, నెమ్మదిగా సర్దుకుంటోంది. నీకు కనబడ్డం లేదు." వాళ్లిద్దరికీ ఈ ప్రయాణం టికెట్లు తీసిందీ కూతురే, హోటలు చూసిందీ తనే, అమ్మ ఎప్పట్నుంచో చూడాలనుకుంటున్న, ఓడలకి దారి చూపే దీపస్తంభం పైకెక్కడానికి రెండు చీటీలు ముందే తెప్పించిందీ తనే. ఒక్కటే షరతు. నాన్న ఫోను ఇంట్లో ఉండాలి. అతను ఫోను ఆపి, అందరూ చూస్తుండగా బీరువాలో పెట్టి, తాళం కూతురి చేతికిచ్చాడు, పెద్ద త్యాగం చేసినవాడిలా ఛాతీ విరుచుకుని. ఇప్పుడు ఆ ఫోను ఉంటే ఒక్క ఫోను చేస్తే పోయేది. పక్కన ఎవరైనా ఉండి వాళ్లది అడిగి చేద్దామన్నా, భార్య నంబరు అతనికి నోటికి రాదు. నాలుగు వందల లిఫ్టుల నంబర్లు వస్తాయి.

అనుకున్నది ఒక్కటీ అనుకున్నట్టు జరగలేదు మొదట్నుంచీ. శుక్రవారం రేవులో దిగగానే వాన. బండి దొరక్క నడిచారు, రాళ్లు పరిచిన వీధి, భార్య బ్యాగుకి ఒక చక్రం కీచుమంటుంది, రాయి రాయికీ కీచు, కీచు. జనం తిరిగి చూశారు. ఆ చక్రం అలా అరవడం మొదలుపెట్టి రెండేళ్లయింది, చూస్తాలే, ఐదు నిమిషాల పని, అని రెండేళ్లుగా అంటున్నాడు. పదో అంతస్తులో తిరిగే కప్పీ అరుపు కింద రోడ్డు మీదనుంచి పసిగట్టగల చెవులు ఇవి. గదిలో చూస్తే రెండు మంచాలు, విడివిడిగా, మధ్యలో బల్ల, అదేమో నేలకి బిగించేశారు. కూతురు ఒకే మంచమని అడిగిందట, వాళ్లు ఒకే గది అనుకున్నారట. భార్య నవ్వింది, చాలా రోజులకి. పోనీలెండి, గురక వినిపించదు, అంది. ఆ నవ్వు చూసి అతనికి ఆశ పుట్టింది. శనివారం పొద్దున దీపస్తంభానికి వెళ్తే గాలి ఎక్కువగా ఉందని మూసేశారు, రేపు పదింటికి రండి, ఇవే చీటీలు చెల్లుతాయి, అని సైగలతో చెప్పారు. పసుపుపచ్చ చీటీలు, గట్టి అట్టవి, పైన దీపస్తంభం బొమ్మ. దాచమని ఆవిడ తన చీటీ కూడా అతనికే ఇచ్చింది, తడిసిపోతుందని. మధ్యాహ్నం రెండు దాటాక హోటల్లో భోజనానికి కూర్చున్నారు, కిటికీ పక్కన. ఆవిడ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఒకసారి ఏదో ఎత్తయిన చోటికెక్కితే, అక్కణ్ణుంచి, అని మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి ఏమిటో అతనికి తెలీదు. భోజనాల గది పక్కనే ఆగిన లిఫ్టు లోపల్నుంచి ఎవరో పెద్దావిడ ఏడుపు వినిపించింది. బల్ల దగ్గరమ్మాయి ఫోను చెవిన పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. అతని చెంచా పళ్లెం మీద ఆగింది. భార్య అతని మొహం వైపు చూసి చెప్పడం ఆపేసింది. ఆ తర్వాత అతను అన్నదేమిటో వేరే చెప్పాలా.

రెండూ పద్దెనిమిది. పెట్టెలో గొంతు మళ్లీ వచ్చింది, మళ్లీ అదే, రెండుసార్లు. "అబద్ధం" అన్నాడు అతను ఆ చిల్లుల్లోకి, మెల్లగా, కోపం లేకుండా. "తెలుసమ్మా. నేనూ చెప్పాను." గొంతుకి అర్థం కాలేదు, కాస్త ఆగి ఇంకోసారి చెప్పింది. చొక్కా వీపుకి అంటుకుంది. మనిషి రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలే పెట్టె ఇది, అద్దం ఒకటి, అద్దంలో అరవైకి దగ్గరపడ్డ మొహం, గాలి లేదు, ఉంది, లేదనిపిస్తుంది. లోపల ఇలా ఉంటుందన్నమాట. ఇన్నేళ్లలో ఒక్కసారి లోపలి వైపు నుంచి చూడలేదు. తలుపు బాదినవాళ్లని, దేవుణ్ణి పిలిచినవాళ్లని, పిల్లల పేర్లు పెట్టి ఏడ్చినవాళ్లని, సాయంత్రం డిపోలో అనుకరించి నవ్వించేవాడు. ఇప్పుడు తనే రెండు పిడికిళ్లతో గోడని బాదాడు. బాదితే ఏమీ కాదని తెలిసీ బాదాడు. గేటు పూర్తిగా లాగేశాడు. ఎదురుగా పూత లేని రాతి గోడ, పైన, తలకి కాస్త ఎత్తులో, రెండో అంతస్తు తలుపు అడుగు భాగం జానెడు కనిపిస్తోంది. జానెడు. తలుపు తెరుచుకుంటే పిల్లయితే దూరుతుంది. తలుపు కింద వేలు మందం సందు, అందులోంచి వరండా వెలుతురు గీతలా పడుతోంది. గేటు అడ్డకమ్మీ మీద కాలు మోపి పైకి లేచి, ఆ జానెడు చోట్లో భుజం పెట్టి, తల పక్కకి తిప్పి, ఒత్తాడు, చెవి గీరుకుంది. ఎప్పుడో ఒక ఆఫీసు గుమాస్తా ఇలాగే సందులోంచి బయటికి జారబోయాడు, సగం దూరం వచ్చాక లిఫ్టు కదిలింది. అతన్ని తీసింది తనే. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆ గుమాస్తా జేబులో ఇంటికి కొన్న పిల్లల జోళ్లున్నాయి. భుజం వెనక్కి తీసుకుని నేల మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, ఎవరు చూడొచ్చారు గనక.

ఇవాళ పొద్దున పదింటికి దీపస్తంభం గుమ్మంలో అతను జేబులన్నీ తిరగేశాడు. గాలి తగ్గింది, ఎండ కాసింది, ఆవిడ అద్దాలు తుడిచి పెట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని, మెట్లెక్కడానికి సిద్ధంగా నిలబడింది. జేబులో చీటీ ఒక్కటే ఉంది. వెతుకుతున్నట్టు నటించాడు, నటిస్తుంటేనే గుర్తొచ్చింది, నిన్న లిఫ్టు కప్పు మీద గ్రీజు చేతుల్తో జేబులోంచి తీసి నాలుగు మడతలు పెట్టింది దేన్నో. గుమ్మంలో ఆయన తల అడ్డంగా ఊపాడు, గంటకి ఇంతమందే, అన్ని చీటీలూ అయిపోయాయి, ఎవరిది వాళ్లకుండాలి. "నువ్వెక్కు, ఇది నీదే" అన్నాడు ఇతను. ఆవిడ తీసుకోలేదు. అతని మొహంలోకి చూసింది. "ఆ లిఫ్టులో పెట్టారు కదూ" అంది. కళ్లద్దాల దుకాణంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తోంది ఆవిడ, వచ్చినవాళ్ల కళ్లకి గాజుబిళ్లలు మార్చి మార్చి పెట్టి, ఇది బాగుందా, అది బాగుందా, అని అడగడం ఆవిడ పని. విసుక్కోకుండా ఎన్నిసార్లయినా అడుగుతుంది. తిరిగొచ్చే దారిలో సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుని, ఆ గొంతుతోనే చెప్పింది. "మూడింటి ఓడలో నా పక్క సీట్లో మీరుంటే ఇంటికెళ్దాం. ఏదో ఒకటి చేసుకుందాం. లేకపోతే దిగాక నేను అక్కయ్యతో వెళ్తాను. రేవుకి వస్తానంది. మళ్లీ రాను. ఇదో, అదో. ఏది కావాలో మీరే చూసుకోండి." అతను ఇదే అన్నాడు. ఇదే, ఇదే, అని రెండుసార్లన్నాడు, ఆవిడ చెయ్యి పట్టుకుని. అన్న మనిషి మూడు గంటలు తిరక్కముందే, మెట్లుండగా, నిన్న పెట్టిన అట్ట ఎలా ఉందో విందామని లిఫ్టెక్కాడు.

ఆవిడ కనిపిస్తే చెప్పాల్సినవి కూడబెట్టుకున్నాడు. నేల మీద కూర్చుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, ఒక్కొక్కటీ. టాక్సీ గురించి చెప్పాలి. ఆ రోజు మెట్ల మీద పరిగెత్తుకొస్తూ, ఆవిడ మొహం చూడ్డానికి భయపడి, చివరి మెట్టు మీద ఒక్క క్షణం నిలబడిపోయానని చెప్పాలి. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఎక్కిన ఎత్తయిన చోటు నుంచి ఏం కనిపించిందో అడగాలి. ఉద్యోగం మానేస్తానని చెప్పాలి, మానలేనేమో అని కూడా చెప్పాలి, రెండూ నిజమే. అప్పుడు పైన వరండాలో అడుగులు వినిపించాయి. ఆ అడుగులు అతనికి తెలుసు, కుడికాలు కాస్త బరువుగా. తలుపు కింద వెలుతురు గీతని రెండు నీడలు అడ్డుకున్నాయి. గడియారం రెండూ ఇరవై తొమ్మిది. ఆవిడకి నలభై అయింది.

"ఏమండీ" అంది, చాలా దగ్గరగా. వంగి ఉంటుంది, మోకాలు నొప్పి, అయినా వంగి ఉంటుంది.

"ఇక్కడే ఉన్నా" అన్నాడు, లేచి, తల పైకెత్తి.

"ఆ అమ్మాయి లిఫ్టు వైపు చూపించి తల పట్టుకుంది. నాకర్థమైంది." ఊపిరి తీసుకుంది. "మెట్లు లేవా?"

"ఉన్నాయి."

"మరెందుకెక్కారు?"

మోకాళ్లు లాగుతున్నాయని చెప్పొచ్చు. ఓడకి టైమైపోతుందని తొందరలో ఎక్కానని చెప్పొచ్చు. "నిన్న పెట్టింది నిలబడిందో లేదో విందామని" అన్నాడు.

ఎక్కడో గోడలో నీళ్ల గొట్టం చప్పుడు చేసి ఆగింది.

"ఎంతసేపు పడుతుంది?" అంది.

ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది. పిలవకుండానే వచ్చింది, నోరు సగం తెరుచుకుంది కూడా. ఆ ఒక్క మాట అంటే చాలు, ఆవిడ నిలబడుతుంది, అది అతనికి తెలుసు. ముప్పై రెండేళ్లు నిలబడిన మనిషి, ఇంకొక్కసారి కూడా నిలబడుతుంది, ఆ తలుపుకి ఆనుకుని నేల మీద కూర్చుంటుంది. ఐదయ్యాక మళ్లీ ఐదు చెప్పొచ్చు. రెండుసార్లు చెబితే గేటు మూసేస్తారు, ఓడ పోతుంది, మంగళవారం దాకా ఆవిడ తన దగ్గరే ఉంటుంది. పెద్దాయన టీ గ్లాసు కళ్లముందు కదిలింది. మన సొమ్మేం పోయింది. గేటు కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు, పట్టుకుని ఆ మాటని మింగాడు, అది చేదుమాత్రలా గొంతులో గీసుకుంటూ దిగింది.

"తెలీదు" అన్నాడు. "ఆదివారం కదా. మనిషి ఎక్కడ్నుంచో రావాలి. గంటో, రెండు గంటలో. ఆ ఓడ నాకందదు. నువ్వెళ్లు."

చాలాసేపు రెండు నీడలూ కదల్లేదు. చాలాసేపంటే అర నిమిషం, గడియారం అతని కళ్లముందే ఉంది.

"మాత్రలు దొరికాయా?"

అట్ట తీసి, మునివేళ్ల మీద నిలబడి, తలుపు కింద సందులోకి తోశాడు. నలిగిన మడతల దగ్గర కాస్త అడ్డుపడింది, సర్ది మళ్లీ తోశాడు. అవతల ఆవిడ వేళ్లు దాన్ని పట్టుకున్నాయి. వేళ్ల కొసలు వేళ్ల కొసలకి తగిలాయి, వెంటనే తియ్యలేదు ఆవిడ, అతనూ తియ్యలేదు. అట్ట మీది మడతలు ఆవిడ బొటనవేలికి తగిలి ఉంటాయి. అవెందుకు పడ్డాయో ఆవిడకి అర్థమయ్యే ఉంటుంది, ఆవిడకి అర్థం కానిదేముంది. అట్ట అటు పోయింది.

"పెళ్లయ్యాక మీరు నాకు టైము సరిగ్గా చెప్పడం ఇదే మొదటిసారి" అంది. కోపం లేదు. ఎవరికో అద్దాలు కుదిరాయని చెప్పినట్టు చెప్పింది. తర్వాత, లేస్తూ కాబోలు, మోకాలి నొప్పికి చిన్నగా మూలిగి, "నీళ్లు ఇమ్మని కింద చెప్పి వెళ్తాను" అంది.

కూడబెట్టుకున్నవన్నీ నోట్లోనే ఉన్నాయి. టాక్సీ ఉంది, చివరి మెట్టు ఉంది, ఎత్తయిన చోటు ఉంది. "ఇదిగో" అన్నాడు గట్టిగా. వెలుతురు గీత మళ్లీ పూర్తిగా, తెల్లగా పరుచుకుంది. కుడికాలు బరువుగా, ఎడమకాలు తేలిగ్గా, అడుగులు వరండా దాటాయి, మెట్లు దిగాయి. ఇరవై మెట్లు, ఒక మలుపు, ఇరవై మెట్లు, అతను లెక్కపెట్టాడు. కింద ఏదో రెండు మాటలు, బల్ల దగ్గరమ్మాయి గొంతు. కాసేపు ఏమీ లేదు. రెండు బ్యాగులూ పక్కపక్కన ఉన్నాయి, ఒకదాని పిడి ఎత్తాలి, ఒకదాన్ని వదిలెయ్యాలి, దానికి ఎంతసేపు పడుతుంది. చెవిని చెక్క గోడకి ఆనించాడు, లిఫ్టులు వినడానికి ఆనించినట్టే.

కీచు.

రాతి నేల మీద కీచు, కీచు, కీచు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగింది, గడప దాటించాలి కదా, దాటింది. వీధి రాళ్ల మీద శబ్దం మారింది, పొట్టిగా, రాయి రాయికీ ఒకటి. ఇంకెవరికీ వినిపించదు అది, ఇన్ని గోడల అవతల, ఒక్క అతనికే వినిపిస్తుంది. పెట్టెలో గొంతు మళ్లీ ఏదో మొదలుపెడితే ఆ చిల్లుల మీద అరచెయ్యి పెట్టి మూసేశాడు. కీచు. ఎడంపక్కకి తిరిగింది, అటే రేవు. కీచు. ఊపిరి బిగబట్టి విన్నాడు. ఇంకా ఉంది, ఉంది, సన్నగా, ఉందనుకుంటే ఉన్నంత సన్నగా. తర్వాత లేదు. ఆవిడ ఆగిందో, శబ్దం అందనంత దూరం పోయిందో, ఎంత విన్నా తేల్చుకోలేకపోయాడు. పెద్ద మరమ్మతేమీ కాదు అది. బ్యాగు బోర్లించి, చక్రం దగ్గర ఒక్క చుక్క నూనె వేసి, నాలుగుసార్లు తిప్పితే పోతుంది. నిజంగానే ఐదు నిమిషాల పని.